లినక్స్‌తో చదువుకునే విద్యార్థికి లాప్‌టాప్: ఎంపిక, మార్పులు, చేర్పులు

కళాశాలలో సీటు ఖాయమయ్యేనాటికి ఇంట్లో కూడబెట్టిన సొమ్ములో అధికభాగం రుసుములకూ పుస్తకాలకూ వ్యయమై ఉంటుంది. లాప్‌టాప్ ప్రస్తావన ఆ తరువాతనే వస్తుంది. బ్రూక్‌ఫీల్డ్, కుందలహళ్ళి, ఏఈసీఎస్ లేఅవుట్ ప్రాంతాలలో అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. వారిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్నట్లే పీజీలలో వంట చేసేవారు, కట్టడాల మేస్త్రీలు, టెక్ పార్కుల సెక్యూరిటీ సిబ్బంది కూడా ఉన్నారు. ఇటువంటి ఇళ్ళలో లాప్‌టాప్ ఒక్కసారే కొంటారు. అది నాలుగేళ్ళ చదువు పూర్తయ్యేదాకా పనిచేయాలి. రెండో ఏట మొరాయిస్తే మరొకదానికి అప్పు చేయవలసి వస్తుంది. ఈ పాఠం ప్రధానంగా ఆ కుటుంబాలను ఉద్దేశించినది.

లినక్స్ వాడదలచిన విద్యార్థికి, మెరుపు తప్ప మరేమీ లేని చౌక కొత్త లాప్‌టాప్ కంటే, మూత విప్పి మెమరీ, డిస్కు మార్చుకోగలిగిన పాత బిజినెస్ లాప్‌టాప్ మేలు. అయితే డబ్బు చెల్లించకముందే దానిని లినక్స్‌తో నడిపి చూసుకోవాలి. ఈ రెండు వాక్యాలను ఎలా ఆచరణలో పెట్టాలన్నదే మిగిలిన పాఠం.

ముందుగా కళాశాలను అడగండి

ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్స్ నేడు ప్రపంచంలోని సర్వర్లలో అధికభాగాన్ని నడుపుతోంది. దానికి రుసుము లేదు. మన పొరుగున కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు లినక్స్ కంప్యూటర్ల మీదనే నేర్చుకుంటున్నారు. ఈ-కోర్టుల పథకం కింద మన న్యాయస్థానాలకు అందిన కంప్యూటర్లలోనూ ఉబుంటు లినక్స్ ఉంది. కనుక ఇది కొందరు నిపుణుల సరదా వ్యవహారం అనే అభిప్రాయాన్ని పక్కన పెట్టవచ్చు. కంప్యూటర్ సైన్సు విద్యార్థికి సీ, పైథాన్, జావా, డేటాబేసు పాఠాలన్నీ లినక్స్‌లో సాఫీగా సాగుతాయి.

అందరికీ అలా సాగవు. సివిల్, మెకానికల్ శాఖలలో వాడే ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్‌లకు లినక్స్ రూపం లేదు. ఇంటినుంచి రాసే పరీక్షలలో విద్యార్థిని కెమెరాతో గమనించే ప్రోగ్రాములు కొన్ని విండోస్ లేనిదే తెరుచుకోవు. అందువల్ల కొనే ముందు విభాగంలోని అధ్యాపకులనో, పై తరగతి విద్యార్థులనో అడిగి, ఏయే ప్రోగ్రాములు అవసరమో కాగితం మీద రాసుకోండి. వాటిలో ఒక్కటైనా విండోస్‌కు మాత్రమే పరిమితమైతే ఒకే డిస్కులో రెండింటినీ ఉంచుకునే ఏర్పాటు చేయించుకోవాలి. అప్పుడు డిస్కు కనీసం 512 జీబీ ఉండడం మంచిది.

పాతవి ఎందుకు చౌకగా వస్తున్నాయి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం, అంతకుపై ప్రాసెసర్లనే అంగీకరిస్తుంది. ఫలితంగా, చక్కగా పనిచేస్తున్న ఆరో, ఏడో తరం యంత్రాలకు విండోస్ లోకంలో గిరాకీ తగ్గింది. లినక్స్‌కు ఆ నిబంధన లేదు. ఇవికాక, టెక్ పార్కులలోని సంస్థలు మూడు నాలుగేళ్ళకొకసారి తమ లాప్‌టాప్‌లను మార్చివేస్తాయి. లీజు తీరిన ఆ యంత్రాలు శుభ్రపడి సెకండ్‌హ్యాండ్ దుకాణాలకు చేరుతాయి. బ్రూక్‌ఫీల్డ్ కార్యాలయాలలో ఉద్యోగుల బల్లలమీద ఉన్నవే కొన్నాళ్ళకు ఎస్‌పీ రోడ్డు అరలలో కనిపించినా వింతలేదు.

ఇక్కడ ఒక మోసపు మాటను గుర్తించాలి. 'ఐ7 ఉంది, తీసుకోండి' అని దుకాణదారు అన్నంత మాత్రాన అది గొప్పది కాదు. ఆ పేరు పక్కన గీత తరువాత వచ్చే అంకె తరాన్ని చెబుతుంది. ఐ5-8250యూ అంటే ఎనిమిదో తరం; ఐ7-4600యూ అంటే నాలుగో తరం. మొదటిదానిలో నాలుగు కోర్లు, రెండవదానిలో రెండే. ఎనిమిదో తరంలోనే ఇంటెల్ సంస్థ ఈ తేలికపాటి లాప్‌టాప్ ప్రాసెసర్ల కోర్లను రెండు నుంచి నాలుగుకు పెంచింది. కాబట్టి ధరలో పెద్ద తేడా లేకుంటే ఎనిమిదో తరాన్ని ఎంచుకోండి. మరీ చౌకగా దొరికితే ఏడవదీ పనికివస్తుంది. నాలుగో తరం జోలికి పోకపోవడమే మంచిది.

తరం తరువాత చూడవలసినది మెమరీ, అనగా ర్యామ్. పలుచని కొత్త లాప్‌టాప్‌లు అనేకంలో ర్యామ్‌ను బోర్డుకు సోల్డర్ చేసి ఉంచుతారు. 8 జీబీతో కొంటే చివరిదాకా 8 జీబీయే. మొదటి సంవత్సరం అది చాలుతుంది. మూడో ఏట ఆండ్రాయిడ్ స్టూడియో గానీ, ఒక వర్చువల్ మెషీన్ గానీ తెరిచిన రోజున యంత్రం చతికిలబడుతుంది. బిజినెస్ లాప్‌టాప్‌లలో పెక్కింటికి ర్యామ్ గదులు విడిగా ఉంటాయి. లెనోవో థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 5490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 మూడింటిలోనూ రెండేసి గదులున్నాయి. పేరులో ఒక్క అక్షరం మారితే లోపల అమరిక మారుతుందని మరువరాదు: టీ480ఎస్‌లో కొంత ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, గది ఒక్కటే. ఎక్స్1 కార్బన్‌లో గదే లేదు.

దుకాణంలో అరగంట

కుందలహళ్ళి స్టేషన్‌లో పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కు మారి, చిక్కపేటలో దిగితే అక్కడినుంచి ఎస్‌పీ రోడ్డుకు నడిచి వెళ్ళవచ్చు. పూర్తి పేరు సాదర్ పత్రప్ప రోడ్డు. నగరంలో కంప్యూటర్ భాగాలకు పేరుపడిన బజారు అదే. పనిదినాన, ఉదయం వెళ్ళండి. మారతహళ్ళి పరిసరాలలోనూ సెకండ్‌హ్యాండ్ దుకాణాలున్నాయి; రెండు మూడు చోట్ల ధర విచారించిన తరువాతనే బేరానికి దిగాలి.

వెళ్ళేటప్పుడు జేబులో 8 జీబీ పెన్‌డ్రైవ్ తప్పక ఉండాలి. లినక్స్ మింట్ గానీ, ఉబుంటు గానీ దాని అధికారిక స్థలం నుంచి దించుకుని, రూఫస్ లేదా ఎచర్ అనే ప్రోగ్రాముతో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ఇంట్లో కంప్యూటర్ లేనివారు కళాశాల ప్రయోగశాలలోనో, తెలిసినవారి వద్దనో ఈ పని చేయించుకోవచ్చు. ఈ పెన్‌డ్రైవ్‌తో యంత్రంలోని డిస్కును ముట్టుకోకుండానే లినక్స్‌ను నడపవచ్చు. లాప్‌టాప్ తెరవగానే థింక్‌ప్యాడ్, డెల్‌లలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 మీట నొక్కితే ఏ పరికరం నుంచి మొదలుపెట్టాలో అడుగుతుంది.

'విండోస్ వేసే ఉంది కదా అన్నా, లినక్స్‌తో ఏం పని?' అని దుకాణంలో అడగవచ్చు. 'మా అమ్మాయి చదువు దీనిమీదే, ఒక్కసారి చూసుకుని తీసుకుంటాం' అంటే చాలు. పరీక్షకు ససేమిరా అన్న దుకాణంలో కొనకండి.

తెర వెలిగిన తరువాత మొదట వైఫై చూడాలి. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి కలపండి. ఇంటెల్ వైఫై కార్డులు సాధారణంగా వెంటనే కలుస్తాయి. బ్రాడ్‌కామ్, కొన్ని రియల్‌టెక్ కార్డులు ఇబ్బంది పెడతాయి. తరువాత ఒక వీడియో నడిపి ధ్వని వినండి. కెమెరా, మైకు, హెడ్‌ఫోన్ రంధ్రం, ప్రతి యూఎస్‌బీ రంధ్రం పరీక్షించండి. టైప్-సీతో ఛార్జ్ అయ్యే యంత్రమైతే ఆ తీగ పెట్టి, ఛార్జ్ ఎక్కుతోందో లేదో చూడండి. ఒక ఖాళీ పత్రం తెరిచి కీబోర్డులోని ప్రతి మీటనూ నొక్కాలి; ఈ పని తోడు వచ్చిన తమ్ముడికో చెల్లెలికో అప్పగిస్తే ఉత్సాహంగా చేస్తారు. ఆపైన మూత మూసి, రెండు నిమిషాలు ఆగి తెరవండి. నిద్రనుంచి లేవని లాప్‌టాప్ తరగతి గదిలో రోజూ వేధిస్తుంది. వేలిముద్ర పరికరం మాత్రం లినక్స్‌లో పనిచేయకపోయినా పట్టించుకోనక్కరలేదు.

బ్యాటరీ విషయంలో మాట నమ్మరాదు. పవర్ స్టాటిస్టిక్స్ అనే ప్రోగ్రాములో రెండు సంఖ్యలు కనిపిస్తాయి: తయారైనప్పటి సామర్థ్యం, నేడు నిండుగా పట్టే సామర్థ్యం. మొదటిది 48 వాట్-గంటలు, రెండవది 24 అయితే బ్యాటరీ సగం కరిగిపోయినట్లు. అది కొనకూడని కారణం కాదు. కొత్త బ్యాటరీ ఖరీదును ధరలోంచి తగ్గించమని అడగడానికి బలమైన ఆధారం. డిస్క్స్ అనే ప్రోగ్రాము ఇదే విధంగా డిస్కు ఆరోగ్యాన్ని చూపుతుంది.

మరొకటి చూడనిదే డబ్బు తీయకండి. యంత్రాన్ని మళ్ళీ ఆరంభించి, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1, డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10 నొక్కి బయోస్‌లోకి వెళ్ళండి. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే పాత సంస్థ వేసిన తాళం ఇంకా ఉన్నదన్నమాట. అటువంటి యంత్రంలో రేపు ఏ అమరికనూ మార్చుకోలేరు. అది సక్రమంగా విడుదల కాని సంస్థ సొత్తు కావచ్చు కూడా. బిల్లు మీద దుకాణం పేరు, తేదీ, వారంటీ గడువు, లాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరు రాయించుకోవాలి. ఊరు కాని ఊరిలో, భాష పూర్తిగా రాని చోట, ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

ఇంటికి తెచ్చాక

మిగిల్చిన డబ్బును ఖర్చు చేయవలసిన క్రమం ఇది: తిరిగే పాత హార్డ్ డిస్కు ఉంటే ముందు ఎస్ఎస్‌డీ, తరువాత ర్యామ్, ఆ తరువాత బ్యాటరీ. ఎస్ఎస్‌డీ వేసిన పాత యంత్రం అది లేని కొత్తదానికంటే చురుకుగా తెరుచుకుంటుంది. ర్యామ్ 16 జీబీ ఉంటే నాలుగేళ్ళకూ సరిపోతుంది. ఒకే పెద్ద ముక్క కంటే 8 జీబీ ముక్కలు రెండు వేస్తే విడి గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లకు కొంత లాభం. ఎనిమిదో తరం బిజినెస్ లాప్‌టాప్‌లు ఎక్కువగా డీడీఆర్4 రకం ర్యామ్ వాడతాయి. డీడీఆర్3, డీడీఆర్5 ముక్కలు ఆ గదిలో కూర్చోవు. పాత ముక్కను వెంట తీసుకుని వెళితే పొరపాటు జరగదు. మూత విప్పే ముందు ఛార్జర్ తీసి, బ్యాటరీని విడదీయాలి.

లినక్స్‌లో రకాలు లెక్కకు మిక్కిలి. ఎంపికలో కాలయాపన వద్దు. లినక్స్ మింట్ 22, ఉబుంటు 24.04 రెండింటికీ 2029 దాకా భద్రతా సవరణలు అందుతాయి. సినిమాలు చూసి కాళీ లినక్స్ వేసుకోవాలని ఉబలాటపడే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. అది భద్రతా పరీక్షకుల పనిముట్టు. నిత్యం చదువుకునే యంత్రానికి తగినది కాదు. స్థాపించేటప్పుడు డిస్కును సంకేతబద్ధం చేసే అవకాశాన్ని ఎంచుకుంటే, బస్సులో లాప్‌టాప్ పోయినా అందులోని ఆధార్ ప్రతులు, మార్కుల పత్రాలు పరుల చేతికి చిక్కవు. ఆ పాస్‌వర్డ్‌ను ఒక కాగితం మీద రాసి ఇంట్లో భద్రపరచండి. అది మరిస్తే మీకూ దారి లేదు.

తెలుగు రాయడానికి విడిగా ఏదీ కొననక్కరలేదు. కీబోర్డు అమరికలలో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ సిద్ధంగా ఉంటుంది. భారతీయ లిపులన్నింటికీ ఇన్‌స్క్రిప్ట్‌లో మీటల స్థానాలు ఒక్కటే. 'క' మీట తెలుగులో ఎక్కడో కన్నడంలోనూ అక్కడే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం రాసే మన పిల్లలకు ఇంతకంటే అనువైనది లేదు. ఆ జాబితాలోనే 'తెలుగు, కగప' అనే మరో అమరిక ఉంది. ఆ మూడక్షరాలు కన్నడ గణక పరిషత్తువి. బెంగళూరులోని ఒక కన్నడ సంస్థ పేరు ప్రపంచంలోని లినక్స్ యంత్రాలన్నిటిలోనూ తెలుగు పక్కన నిలిచి ఉండడం ముచ్చటైన విషయం. పోతన, వేమన అక్షరరూపాలు సాఫ్ట్‌వేర్ మేనేజరులో ఉచితంగా దొరుకుతాయి.

తీసివేసిన పాత బ్యాటరీని, ముఖ్యంగా ఉబ్బినదానిని, పొడి చెత్తలోగానీ తడి చెత్తలోగానీ వేయరాదు. అది నలిగితే మంటలు లేస్తాయి. ఆ ప్రమాదం చెత్త బండి కార్మికులది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని ఇతర చెత్తతో కలపకుండా వేరుగా అప్పగించాలి. కొత్త బ్యాటరీ కొన్న దుకాణంలో ఇవ్వండి, లేదా నమోదైన ఈ-వ్యర్థాల సేకరణదారుకు చేర్చండి.

నేర్చుకోవడానికి ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులోనూ కన్నడంలోనూ ఉచితంగా ఉన్నాయి. లినక్స్, లిబ్రేఆఫీస్ రెండింటినీ అవి మొదటినుంచి బోధిస్తాయి. చిక్కు వచ్చినప్పుడు మనుషుల సాయం కావలసినవారు ఈ నగరంలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ మూవ్‌మెంట్ కర్ణాటకను, హైదరాబాదు వైపు వెళ్ళినప్పుడు లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పనిలో కృషి చేసిన స్వేచ్ఛ సంస్థను సంప్రదించవచ్చు. దుకాణానికి పట్టుకెళ్ళిన పెన్‌డ్రైవ్‌ను మాత్రం చెరిపివేయకండి. ఏదో ఒక పరీక్ష ముందురోజు లాప్‌టాప్ తెరుచుకోకపోతే, దానితోనే నడిపి, డిస్కులోని నోట్సును బయటికి తీసుకోవచ్చు.