మాట ఆగితే మోటారు ఏం చెయ్యాలి

చిట్టితల్లికి,


మిల్లులో మోటార్లని నడిపే ఆరు డ్రైవులనూ ఒకే మోడ్‌బస్ తీగ మీదికి తెచ్చావని నువ్వు రాసింది మీ అమ్మకి చదివి వినిపించాను. ముక్క అర్థం కాకపోయినా వెంటనే పక్కింటావిడకి చెప్పి వచ్చింది. కానీ చివర్న రాశావు చూడు, మాటిమాటికీ ట్రిప్పవుతున్నాయని టైమవుట్ సున్నా చేసేశామని, ఆ ముక్కకి నా గుండె గుభేలుమంది.

తీగ రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు, మధ్యలో కొమ్మలు చీల్చకుండా వరసగా లాగడం, ఇవన్నీ నువ్వే నాకు నేర్పగలవు. నా బాధ టైమవుట్ ఒక్కటే. మోడ్‌బస్‌లో డ్రైవు తనంతట నోరు విప్పదు, వాటికి ఆజ్ఞలిచ్చే పీఎల్‌సీ అడిగితేనే జవాబు. కాపలాగా టైమవుట్ లేకపోతే, తీగ ఊడినా దానికి తెలియదు. చివరిసారి విన్న వేగంతో తిరుగుతూనే ఉంటుంది. నువ్వు స్క్రీన్ మీద ఎన్నిసార్లు ఆపు నొక్కినా ఆ మాట చేరదు. సీఆర్‌సీ తనిఖీ చెడిపోయి వచ్చిన మాటని పట్టుకుంటుంది గానీ, అసలు రాని మాటని కాదు. చాలా డ్రైవుల్లో ఆ టైమవుట్ సున్నా అంటే కాపలా ఎత్తేసినట్టే.

మా సిమెంటు ఫ్యాక్టరీలో 4 నుంచి 20 మిల్లీయాంపుల సిగ్నలే ఉండేది. అతి తక్కువ వేగానికి 4. సున్నా ఎవరూ పంపరు గనక, సున్నా వచ్చిందంటే తీగ తెగినట్టే. ఒక రాత్రి బెల్టు ఆగిపోతే మా హెడ్ ఫిట్టరు మీటరు చూసి "ఎలకే" అని తేల్చేసి, టీ తాగొచ్చి మరీ తీగ కలిపాడు. ఆ టీకొట్లో పునుగులు భలే ఉండేవి, మీ అమ్మ నన్ను చూసే వంకతో వాటికోసమే వచ్చేది. ఏం చెబుతున్నాను? ఆ, తన చావు ఆ తీగే చెప్పేది. మీ తీగ చెప్పదు.

ట్రిప్పులకి అసలు కారణం వెతకండి. 9600 వేగంలో ఒక ప్రశ్న, జవాబు కలిపి తీగ మీద 20 మిల్లీసెకన్లు అటూ ఇటూ. అదే ఒక డ్రైవుకి కరెంటు తీశారనుకో, పీఎల్‌సీ దాని జవాబు కోసం సెకను ఆగి, మళ్ళీ అడిగి, మళ్ళీ ఆగుతుంది. ఈలోగా మిగతా ఐదూ మాట అందక ట్రిప్పవుతాయి. ఆగిన డ్రైవుని ప్రోగ్రాంలో వరస నుంచి తప్పించు. పీఎల్‌సీ ఎదురుచూసే సమయం తగ్గించు. అప్పుడు డ్రైవుల్లో టైమవుట్ రెండు మూడు సెకన్లు పెట్టినా నిలుస్తుంది.

మాట ఆగినప్పుడు అన్ని మోటార్లకీ ఒకే తీర్పు మాత్రం వద్దమ్మా. ఎలివేటరు ఆగి, దానికి ధాన్యం పోసే కన్వేయరు తిరుగుతుంటే అడుగున చోకవుతుంది. కాబట్టి కన్వేయరు ముందు ఆగాలి. బాయిలర్ పొగని బయటికి లాగే ఐడీ ఫ్యాన్ ఆగితే మంట వెనక్కి తంతుంది. దాన్ని తిరగనిచ్చి అలారం మోగించు. ఎమర్జెన్సీ స్టాప్ తీగ ఎప్పుడూ విడిగా డ్రైవుకే వెళ్ళాలి, నెట్‌వర్క్ మీద కాదు.

మిల్లు ఖాళీ చేసిన రోజున, మోటార్లు నడుస్తుండగానే పీఎల్‌సీ దగ్గర మోడ్‌బస్ కేబుల్ పీకి చూడు. ఒంటరిగా వద్దు, ఫిట్టరు పక్కన ఉండాలి. డ్రైవు మూత తియ్యాల్సొస్తే, పవర్ తీశాక దానిమీద రాసిన నిమిషాలు ఆగు, కెపాసిటర్లలో కరెంటు ఉంటుంది. నీ చేతులు చిన్నప్పటి నుంచీ ఆగవు, అందుకే చెబుతున్నా. ఏ మోటారు ఎన్ని సెకన్లకి ఆగిందో వరసగా రాసి పంపు.

మావయ్య