క్లాసులో పుట్టి ఊళ్ళోకి వెళ్ళిన ప్రాజెక్టు

ఈ నెల పాఠం: పర్యావరణం (6 నుంచి 9 తరగతుల పిల్లల తల్లిదండ్రులకు)



పర్యావరణం ప్రాజెక్టు అనగానే ఇళ్ళల్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. రాత్రి తొమ్మిదింటికి బాబుకి చార్టు సంగతి గుర్తొస్తుంది. నాన్న స్టేషనరీ షాపుకి పరుగెడతారు, అమ్మ థర్మాకోల్‌తో భూగోళం చేస్తుంది. (థర్మాకోల్ మీద ‘భూమిని కాపాడండి’ అని రాయడంలోని తమాషా ముందుగా పిల్లలకే తెలుస్తుంది.) మార్కులు వస్తాయి, భూగోళం అటకెక్కుతుంది. ఈసారి అటకెక్కని ఒక క్లాసు ప్రాజెక్టు గురించి చదువుదాం. ముందు పిల్లలకు చదివి వినిపించండి. తర్వాత ఇందులోని లెక్కను వాళ్ళ చేతే చేయించండి.

ఐర్లండ్ దక్షిణ తీరంలో కిన్సేల్ అనే చిన్న ఊరుంది. అక్కడి కాలేజీలో రాబ్ హాప్‌కిన్స్ పర్మాకల్చర్ బోధించేవారు. ప్రకృతిని గమనించి, ఆ పద్ధతుల్లోనే తోటను, ఇంటిని, ఊరిని అమర్చుకోవడం నేర్పే సబ్జెక్టు అది. 2005లో ఆయన విద్యార్థుల ముందు ఒక ప్రశ్న పెట్టారు. పెట్రోలు, డీజిలు ఇప్పుడున్నంత సులువుగా దొరకని రోజు వస్తే మన ఊరు ఎలా నడుస్తుంది? పిల్లలు తిండి, కరెంటు, రవాణా, చదువు అంటూ ఒక్కో విషయం తీసుకుని ఏ ఏడాదికి ఏం చేయాలో రాసుకుంటూ వెళ్ళారు. అది నోట్‌బుక్కులో ఆగిపోలేదు. లూయీస్ రూనీ అనే విద్యార్థిని చొరవతో కౌన్సిల్ దాకా వెళ్ళింది. కౌన్సిల్ దాన్ని ఆమోదించింది.

హాప్‌కిన్స్ తర్వాత ఇంగ్లండ్‌కి వచ్చారు. డెవన్ జిల్లాలో డార్ట్ నది ఒడ్డున టోట్నెస్ అనే ఊరు, అప్పట్లో జనాభా సుమారు 8,000. మన దగ్గరైతే ఒక పెద్ద గ్రామం అంతే. 2006లో అక్కడ కొందరు స్వచ్ఛందంగా కలిసి ‘ట్రాన్సిషన్ టౌన్ టోట్నెస్’ మొదలుపెట్టారు. ట్రాన్సిషన్ అంటే ఒక స్థితి నుంచి మరో స్థితికి మారడం. వాళ్ళు ఊళ్ళోని ఖాళీ స్థలాల్లో అక్రోటు, బాదం, చెస్ట్‌నట్ చెట్లు నాటారు. పెరడు ఉండి ఓపిక లేనివాళ్ళను, ఓపిక ఉండి పెరడు లేనివాళ్ళతో కలిపారు. టోట్నెస్ పౌండ్ పేరుతో ఊళ్ళో మాత్రమే చెల్లే నోట్లు కూడా అచ్చు వేశారు. మన ఊళ్ళో ఖర్చుపెట్టిన డబ్బు మన ఊళ్ళోనే తిరగాలన్నది దాని ఉద్దేశం. పత్రికలన్నీ ఆ నోట్ల గురించే రాశాయి. మా దృష్టిలో మాత్రం వాళ్ళు చేసినవాటిలో అసలైన పాఠం వేరే ఉంది.

దాని పేరు ట్రాన్సిషన్ స్ట్రీట్స్. ఒకే వీధిలోని ఏడెనిమిది కుటుంబాలు వంతులవారీగా ఒకరి ఇంట్లో ఒకరు కలుస్తారు. చేతిలో ఒక వర్క్‌బుక్ ఉంటుంది. ఒకసారి కరెంటు, ఒకసారి నీళ్ళు, ఒకసారి తిండి, ఇంకోసారి చెత్త, మరోసారి ప్రయాణం. ఉపన్యాసాలు ఉండవు. ఎవరి మీటరు వాళ్ళు చూసుకుని, తాము చేయగలిగిన పని ఒకటి ఎంచుకుని, మళ్ళీ కలిసినప్పుడు ఏమైందో చెప్తారు. తలుపు సందుల్లోంచి చలిగాలి రాకుండా పట్టీ అంటించడం, మరిగే నీళ్ళు అవసరమైనంతే పెట్టుకోవడం వంటి చిన్న పనులతోనే మొదలు. ప్రభుత్వ నిధులు రావడంతో సోలార్ ప్యానెళ్ళ దాకా వెళ్ళింది. ఊరి సివిక్ హాలు కప్పు మీద కూడా ప్యానెళ్ళు వచ్చాయి. 2011లో ఈ కార్యక్రమానికి ఆష్డెన్ అవార్డు దక్కింది.

ఇందులో పాల్గొన్నవాళ్ళను మీకు అన్నిటికంటే ఏది నచ్చిందని అడిగితే, చాలామంది బిల్లు తగ్గడం కంటే ముందు చెప్పిన మాట ‘పక్కింటివాళ్ళు పరిచయమయ్యారు’ అని. పిల్లలతో దీని గురించి కాసేపు మాట్లాడండి. ఒంటరిగా మొదలుపెట్టిన మంచి అలవాటు మూడో వారానికి ఎందుకు జారిపోతుంది? పక్కింటి అత్తయ్య ‘మీ మీటరు ఎంత తిరిగింది?’ అని అడుగుతుందని తెలిస్తే ఏం మారుతుంది? ట్యూషన్‌లో గ్రూప్ స్టడీ ఎందుకు పనిచేస్తుందో ఇదీ అందుకే పనిచేస్తుంది.

అన్నీ అనుకున్నట్టు జరగలేదు. కార్డులు, ఫోన్ చెల్లింపులు పెరిగి నోట్లు వాడేవాళ్ళు తగ్గడంతో 2019లో టోట్నెస్ పౌండ్ ఆగిపోయింది. చమురు త్వరలోనే తరిగిపోతుందన్న భయంతో ఈ ఉద్యమం మొదలైంది. షేల్ రాళ్ళ నుంచి చమురు తీయడం మొదలయ్యాక ఆ భయం తగ్గింది. కానీ చమురు మిగిలి ఉందంటే ఇంకా కాల్చవచ్చనే అర్థం కాబట్టి, వేడెక్కే భూమి సమస్య అలాగే ఉండిపోయింది. తీరిక, స్తోమత ఉన్నవాళ్ళే ఇలాంటి సంఘాల్లో ఎక్కువగా చేరతారన్న విమర్శ కూడా ఉంది. అది నిజమే. మన వీధిలో చేసేటప్పుడు అద్దెకుండేవాళ్ళను, వాచ్‌మన్ కుటుంబాన్ని మొదటి రోజే పిలవడం మంచిది. నలభైకి పైగా దేశాల్లో ఇలాంటి బృందాలు ఉన్నాయి. ఏ రెండు ఊళ్ళూ ఒకే పని చేయవు. టోట్నెస్ వాళ్ళ బాధ చలి, మన బాధ ఎండ.

కాబట్టి మన లెక్క ఫ్యాన్‌తో మొదలుపెడదాం. మామూలు సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్లు చాలు. తేడా 45 వాట్లు. రోజుకి 10 గంటలు తిరిగితే 450 వాట్-అవర్లు, అంటే 0.45 యూనిట్. ఏడాదికి 365తో గుణిస్తే సుమారు 164 యూనిట్లు. ఇంట్లో మూడు ఫ్యాన్లుంటే 490 పైచిలుకు. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు తయారీకి సగటున 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అందులో ఎక్కువ భాగం బొగ్గు వల్లే. అంటే ఒక ఇంటి నుంచి ఏడాదికి 340 కిలోలకు పైగా తగ్గుతుంది. ఒక అపార్ట్‌మెంట్ ఫ్లోరులో పది ఇళ్ళు కలిస్తే ఎన్ని టన్నులో మీ అమ్మాయి చెప్పాలి.

కొత్త ఫ్యాన్ సుమారు మూడు వేలు. అది ఎన్నాళ్ళలో తిరిగొస్తుందో బిల్లు చూసి లెక్కవేయమనండి. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. మన బిల్లులో శ్లాబులుంటాయి, పైకి వెళ్ళేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. మనం మిగిల్చే యూనిట్లు పై శ్లాబులోవి, అంటే ఖరీదైనవి. సగటు ధరతో గుణిస్తే జవాబు తప్పు వస్తుంది. పాత ఫ్యాన్లు బాగా తిరుగుతుంటే అన్నీ ఒకేసారి మార్చాల్సిన పని లేదు. ఎక్కువ గంటలు తిరిగేది ఏదో ఆ ఒక్కటి చాలు.

ఈ నెల యాక్టివిటీ: మీ ఫ్లోరులోనో వీధిలోనో నాలుగు కుటుంబాలను టీకి పిలవండి. లెక్కలు చూసే బాధ్యత పిల్లలకే ఇవ్వండి. ప్రతి నెలా ఒకటో తారీఖు ఉదయం ఒకే సమయానికి నాలుగు ఇళ్ళ మీటర్ రీడింగులు వాళ్ళే రాసుకోవాలి. పోల్చేటప్పుడు గత నెలతో పోల్చవద్దు. ఎండలు తగ్గితే బిల్లు ఎలాగూ తగ్గుతుంది. పోయిన ఏడాది ఇదే నెల బిల్లు తీసి పక్కన పెట్టుకోండి. మూడు నెలల రీడింగులు అయ్యాక ఆ పట్టికను పేరెంట్-టీచర్ మీటింగ్‌కి తీసుకురండి. చార్టు మీద అందంగా రాయనక్కర్లేదు, రఫ్ నోట్‌బుక్కులో ఉన్నది ఉన్నట్టు చాలు.