బెయిల్ వచ్చింది, మనిషి ఇంటికి రాలేదు

"సారూ, మా పోరనికి బెయిలై ఇరవై రోజులాయె. ఇంకా ఇడుస్తలేరు. జైలోళ్లకు పైసలు కట్టాల్నా?"

హనుమకొండ కోర్టు ఆవరణలో ఒక తల్లి అడిగిన మాట ఇది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. విప్పి చూస్తే బెయిల్ ఉత్తర్వు నకలు. పది వేల రూపాయల సొంత బాండు, అంతే మొత్తానికి ఇద్దరు షూరిటీలు ఇవ్వాలని అందులో ఉంది. జైలుకు కట్టాల్సింది ఒక్క పైసా లేదు. ఇద్దరు షూరిటీలు దొరక్కనే ఆ పిల్లవాడు లోపల ఉన్నాడు. ఆ ముక్క ఆమెకు ఇరవై రోజులుగా ఎవరూ విడమరిచి చెప్పలేదు.

వరంగల్లో ఈ కష్టానికి ఇంకొక కష్టం తోడైంది. ఎంజీఎం ఆసుపత్రికి దగ్గర్లో నిజాం కాలం నుంచి నిలబడ్డ సెంట్రల్ జైలును 2021 జూన్‌లో ఖాళీ చేసి కూల్చేశారు. ఆ స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రికి అదే నెల 21న శంకుస్థాపన జరిగింది. ఖైదీలను చర్లపల్లి, చంచల్‌గూడ, ఖమ్మం, నిజామాబాద్ వంటి జైళ్లకు పంపించారు. మామునూరులో కొత్త జైలు కడతామని అప్పుడే ప్రకటించారు. ఊరికి పెద్దాసుపత్రి కావాలి, అందులో వాదన లేదు. కానీ నర్సంపేట నుంచో ములుగు నుంచో పొద్దున బస్సెక్కి, కొడుకును చూసి, మధ్యాహ్నానికి కూలికి తిరిగి రాగలిగిన ఆడమనిషికి ఇప్పుడు ఒక్క ములాఖత్‌కు రెండు రోజుల కూలి పోతోంది. ఆ లెక్క ఏ కాగితంలోనూ కనిపించదు.

అందుకే ఈసారి, జైలు గేటు దగ్గర, కోర్టు మెట్ల మీద జనం నన్ను అడిగే ప్రశ్నలకే జవాబులు రాస్తున్నాను.

ముందు ఆ తల్లి సంగతి. బెయిల్ వచ్చాక మనిషి బయటికి రాకపోతే ఏం చేయాలో సుప్రీంకోర్టు 2023 జనవరి 31న స్పష్టంగా చెప్పింది. బెయిల్ ఇచ్చిన కోర్టు ఆ ఉత్తర్వును అదే రోజు, లేదంటే మర్నాడు, ఈ-మెయిల్‌లో జైలు సూపరింటెండెంట్ ద్వారా ఖైదీకి చేర్చాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంట్ ఆ విషయం జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. వారు ఒక న్యాయవాదినో పారా లీగల్ వాలంటీరునో పంపి, ఎందుకు ఆగిందో కనుక్కోవాలి. నెల దాటినా షూరిటీలు ఇవ్వలేకపోతే, షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. స్థానికుడే షూరిటీగా ఉండాలని పట్టుబట్టడం వల్ల విడుదల ఆలస్యమవుతోందని, అలాంటి చోట ఆ షరతు పెట్టకుండా ఉండవచ్చని కూడా అందులోనే ఉంది.

ఇది కొత్త మాటేమీ కాదు. 1978లోనే మోతీరాం అనే మేస్త్రీ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ దీన్ని తేల్చారు. పది వేల షూరిటీ అడిగి, అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు కాదన్నారు. పేదవాడిని అతని తాహతుకు మించిన షూరిటీ అడగడం తప్పని, ఆస్తి మరో జిల్లాలో ఉందని షూరిటీని కాదనడం తప్పని సుప్రీంకోర్టు చెప్పింది. ఇది జరిగి ఇన్నేళ్లయినా, ఇంటి పన్ను రశీదు లేదని, పాస్‌బుక్కు పక్క జిల్లాదని షూరిటీలు వెనక్కి పోవడం ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను. షూరిటీ దొరక్కపోతే చేతులు కట్టుకుని కూర్చోకండి. షరతు తగ్గించమని అదే కోర్టులో అర్జీ వేయించండి. బెయిల్ ఇవ్వదగిన చిన్న నేరమైతే ఇంకా సులువు. అరెస్టయిన వారం లోపు పూచీకత్తు ఇవ్వలేకపోయిన వాడిని పేదవాడిగానే లెక్కగట్టి సొంత బాండు మీద వదలాలని కొత్త నాగరిక్ సురక్షా సంహితలోని 478వ సెక్షన్ చెబుతోంది.

"వకీలుకు ఇచ్చేందుకు డబ్బులు లేవు" అనేవాళ్లకు ఒక్క మాట. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం, కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయం ఎంత అన్నది చూడకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి. తెల్లరేషన్ కార్డు అక్కర్లేదు, తహసీల్దారు సర్టిఫికెట్ అక్కర్లేదు. జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లి అడగండి. వెళ్లలేకపోతే 15100కు ఫోన్ చేయండి. లోపల ఉన్నవాడు జైలులోని న్యాయ సహాయ కేంద్రం ద్వారా కూడా అడగవచ్చు. గేటు బయట "నేను విడిపిస్తా" అంటూ దగ్గరికొచ్చే దళారికి అప్పు చేసి ఇవ్వకండి. బెయిల్ బాండ్లకు కోర్టు దగ్గర కట్టాల్సిన డబ్బుకు రశీదు ఉంటుంది. రశీదు ఇవ్వనివాడు మీ పని చేయడు.

తర్వాతి ప్రశ్న: "కేసు తేలేదాకా లోపలే ఉంచుతారా?" జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. మన ఊళ్లల్లో "జైలుకు పోయిండు" అనగానే ఆ ఇంటికి పిల్లను ఇవ్వరు. ఈ అంకె గుర్తుంటే అంత తొందరగా మాట జారము.

వీళ్ల కోసం రెండు తలుపులున్నాయి. ఒకటి, పోలీసులు గడువులోగా చార్జిషీటు వేయకపోతే వచ్చే బెయిల్. మామూలు కేసుల్లో 60 రోజులు. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు లేక అంతకు మించిన శిక్ష పడే నేరాల్లో 90 రోజులు. మాదకద్రవ్యాలు, ఉపా వంటి ప్రత్యేక చట్టాల లెక్క వేరు, అక్కడ గడువు ఎక్కువ. ఇది హక్కుగా వచ్చే బెయిల్, కానీ అడగాలి. చార్జిషీటు పడకముందే అర్జీ పడాలి. ఒక్కరోజు ఆలస్యమైతే ఆ తలుపు మూసుకుపోతుంది. రిమాండ్ మొదటి తేదీని క్యాలెండర్‌లో రాసి పెట్టుకోమని ప్రతి కుటుంబానికీ చెబుతాను.

రెండోది నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షన్. ఒక నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణలోనే గడిపినవాడికి బెయిల్ రావాలి. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడైతే మూడోవంతు చాలు. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు. అలాంటప్పుడు మొదటిసారి పట్టుబడ్డవాడు ఏడాది లోపల ఉంటే చాలు. మరణశిక్ష లేదా యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటి కంటే ఎక్కువ కేసులు నడుస్తుంటే కూడా ఇది అందదు. ఆ గడువు నిండగానే కోర్టుకు రాసి తెలియజేయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. 2024 జూలై 1కి ముందు నమోదైన కేసులకు కూడా ఈ సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు అదే ఏడాది ఆగస్టులో చెప్పింది. పాత కేసు కదా అని ఎవరైనా తోసిపుచ్చితే ఒప్పుకోకండి.

ఇక జనంలో పాతుకుపోయిన ఒక నమ్మకం: "జీవిత ఖైదంటే పద్నాలుగేళ్లే, పగలొక రోజు రాత్రొక రోజు లెక్క". రెండూ తప్పు. పగలూ రాత్రీ కలిస్తేనే ఒక రోజు. యావజ్జీవం అంటే బతికున్నంత కాలమని 1961లోనే గోపాల్ వినాయక్ గాడ్సే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పద్నాలుగేళ్ల మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, మరణశిక్ష కూడా పడగల నేరంలో యావజ్జీవం పడితే కనీసం పద్నాలుగేళ్లు నిజంగా లోపల గడపకుండా వదలకూడదన్న నిబంధన నుంచి. అది కింది హద్దు. ఆ తర్వాత వదలాలా వద్దా అన్నది ప్రభుత్వం తేల్చాలి. ఒక ఊరట మాత్రం ఉంది: కొన్నేళ్ల శిక్ష పడ్డవాడి విషయంలో, విచారణలో లోపల గడిపిన రోజులు శిక్షలోంచి తీసేస్తారు. తీర్పు కాపీలో ఆ మాట రాశారో లేదో చూసుకోండి.

దూరం గురించి అడిగేవాళ్లే ఇప్పుడు ఎక్కువ. కుటుంబాన్ని, వకీలును కలవడం జీవించే హక్కులో భాగమని 1981లో ఫ్రాన్సిస్ కోరలీ ముల్లిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకు ముందు 1979లో సునీల్ బాత్రా రెండో కేసు. తీహార్‌లో ఒక ఖైదీని వార్డరు హింసించాడని తోటి ఖైదీ రాసిన ఉత్తరాన్నే కోర్టు పిటిషన్‌గా తీసుకుంది. మనవాళ్లు వచ్చి చూసే వీలు లేకుండా ఖైదీని దూరపు జైలుకు పంపడం కూడా ఒక శిక్షేనని, న్యాయమైన పద్ధతి లేకుండా అలా చేయకూడదని ఆ తీర్పులో ఉంది. వరంగల్ ఖైదీలను శిక్షగా పంపలేదు, భవనం పోయింది కాబట్టి పంపారు. అయినా ఆ తీర్పు మీకు ఆధారమే. శిక్ష పడినవారైతే దగ్గరి జైలుకు మార్చమని జైళ్ల శాఖకు, రిమాండులో ఉన్నవారైతే కోర్టుకు అర్జీ పెట్టుకోవచ్చు. ముసలి తల్లిదండ్రులు, పసిపిల్లలు, జబ్బులు ఉంటే ఆధారాలు జతచేయండి. అప్పటిదాకా ఈ-ములాఖత్ ఉంది, ఫోన్ తెర మీదే మాట్లాడుకోవచ్చు. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకు ఊళ్లో చదువుకున్న పిల్లలు పేరు నమోదు చేసి పెడితే అది పెద్ద సాయం.

లోపల దెబ్బలు తింటే? జైలు గోడ దాటితే హక్కులు అక్కడే ఆగిపోవు. శిక్ష పడినంత మాత్రాన మనిషి హక్కులన్నీ పోవని 1974లో సుప్రీంకోర్టు చెప్పింది మన తెలుగు నేల కేసులోనే. విశాఖ సెంట్రల్ జైలు ఖైదీలు వేసిన భువన్ మోహన్ పట్నాయక్ కేసు అది. ఇంకొకటి మరింత బాధాకరమైనది. 1977 మే నెలలో ఒక రాత్రి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు గదిలోకి బాంబులు విసిరారు. లోపలున్న తండ్రి చనిపోయాడు, కొడుకు బతికాడు. కొడుకు పేరు చల్లా రామకృష్ణారెడ్డి. ప్రాణభయం ఉందని ముందే చెప్పినా కాపలా సరిగా పెట్టలేదని ఆయన నష్టపరిహారానికి దావా వేశాడు. ప్రభుత్వం సార్వభౌమాధికారం సాకు చెప్పింది. జీవించే హక్కు విషయంలో ఆ సాకు పనికిరాదని 2000లో సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు రావడానికి ఇరవై మూడేళ్లు పట్టింది.

కాబట్టి దెబ్బలుంటే, మేజిస్ట్రేటు ముందుకు తెచ్చిన మొదటి రోజే నోరు తెరిచి చెప్పమని మీవాడికి చెప్పండి. ఒంటి మీది గాయాలు రాయించమనండి. ఖైదీ కస్టడీలో చనిపోతే మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి. పోలీసులు రాసుకున్న పంచనామాతో అది ముగిసిపోదు.

ఆడవాళ్ల గురించి అడిగేవాళ్లు తక్కువే, కానీ ఇది చెప్పాలి. తల్లి జైలుకు వెళ్తే ఆరేళ్ల లోపు పిల్లలను వెంట ఉంచుకోవచ్చు. ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో 2006లో ఇచ్చిన తీర్పు ఆ పిల్లల తిండి, వైద్యం, చదువు గురించి వివరంగా చెప్పింది. ఆ కేసులో ఎదుటి పక్షం మన అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. జైలులో కాన్పయితే పుట్టిన చోటుగా జైలు పేరు జనన ధ్రువపత్రంలో రాయకూడదు. ఆ బిడ్డ పెద్దయ్యాక బడిలో ఆ కాగితం చూపించాలి కదా.

ఆ తల్లి దగ్గరికి మళ్లీ వస్తాను. కాగితం వెనక మూడు వరుసలు రాసిచ్చాను: కేసు నంబరు, బెయిల్ ఇచ్చిన తేదీ, న్యాయసేవాధికార సంస్థ గది ఎటువైపు ఉందో. షూరిటీ షరతు తగ్గించమని అర్జీ వేయించాలని చెప్పి, గది గుమ్మం దాకా వెంట వెళ్లాను. లోపలి గుమాస్తా కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోకుండా కవరు ముందుకు చాచి, మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.