ముందు కాగితం మీద తిప్పండి

"నాకు లాజిక్ లేదు." ప్రోగ్రామింగ్ మొదలుపెట్టినవాళ్ల నోట ఈ మాట ఎప్పుడు వస్తుందో ముందే చెప్పేయొచ్చు. ప్రింట్‌లు అయిపోయి, ఇఫ్‌లు దాటి, ఫర్, వైల్ లూపులు మొదలైన వారంలో. అక్కడి నుంచి చాలామంది నక్షత్రాల పిరమిడ్ ప్రోగ్రామ్‌ను బట్టీ పట్టి, ల్యాబ్ రికార్డులో నీట్‌గా దించేసి, ఎక్స్‌టర్నల్ వచ్చే రోజున దేవుడి మీద భారం వేస్తారు. వైవాలో "ఈ లూపు ఎన్నిసార్లు తిరుగుతుంది?" అని అడిగితే నోరు పెగలదు.

అది లాజిక్ లేకపోవడం కాదు. లూపును చదువుతున్నారు, నడపడం లేదు. అంతే.

ఈ ఇబ్బంది మీ ఒక్కరిదే అనుకోకండి. డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1968లో ఒక చిన్న లేఖ ప్రచురించారు. గోటూ ఆదేశాన్ని దుయ్యబట్టిన లేఖగానే అది పేరుపడింది గానీ, మనకు పనికొచ్చే సంగతి అందులో ఇంకొకటి ఉంది. కదలకుండా ఉన్నవాటి మధ్య సంబంధాన్ని మనిషి బుర్ర బాగానే పట్టుకుంటుందట. కాలంతో పాటు మారుతూ పోయేదాన్ని ఊహించుకోవడంలో మాత్రం అంతంతమాత్రమేనట. అంత పెద్దాయనే మనిషి బుర్రకున్న హద్దును ఒప్పుకున్నాక మీరు మొహమాటపడటం దేనికి? లూపు అచ్చం ఆ రెండో రకం. పేజీ మీద నాలుగు వరుసలే, నడిస్తే నాలుగు వందల అడుగులు. ఆ మారేదాన్ని కాగితం మీద కదలకుండా కూర్చోబెట్టడమే మీ పని.

ఒక సంఖ్యలోని అంకెల మొత్తం కనుక్కునే ప్రోగ్రామ్ తీసుకోండి. సంఖ్య 1234. 10తో భాగిస్తే మిగిలే శేషాన్ని మొత్తానికి కలపాలి, సంఖ్యను 10తో భాగించి భాగఫలాన్ని మాత్రం ఉంచుకోవాలి, సున్నా అయ్యేదాకా ఇదే తిప్పాలి. కాగితం మీద రెండు నిలువు గళ్లు గీయండి. ఒక గడిలో సంఖ్య: 1234, 123, 12, 1, 0. రెండో గడిలో మొత్తం: 0, 4, 7, 9, 10. నాలుగు తిప్పులు, పని పూర్తి. ఇప్పుడు భాగించే వరుసను కావాలనే కొట్టేసి మళ్లీ నడపండి. సంఖ్య 1234 దగ్గరే ఉండిపోతుంది, మొత్తం 4, 8, 12 అంటూ అంతూపొంతూ లేకుండా పెరుగుతుంది. అనంత లూపు అంటే ఏమిటో పది పేజీల నోట్సు చెప్పలేనిది ఈ గడి చెప్పేస్తుంది. ఏ లూపు కనిపించినా ముందు ఒకటే అడగండి: ప్రతి తిప్పులోనూ ఏది మారుతోంది, ఆ మార్పు ఆగే షరతు వైపే పోతోందా?

మార్పు ఆగిపోతే ఏమవుతుందో మైక్రోసాఫ్ట్‌కు బాగా తెలుసు. 2008 డిసెంబర్ 31న, పాటలు వినడానికి ఆ సంస్థ అమ్మిన 'జూన్ 30' (Zune 30) అనే పరికరాలు ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. కారణం ఒక వైల్ లూపు. 1980 జనవరి 1 నుంచి గడిచిన రోజుల లెక్క తీసుకుని, అందులోంచి ఒక్కో ఏడాదినీ తీసేస్తూ ఇప్పుడు ఏ సంవత్సరమో తేల్చాలి. మిగిలిన రోజులు 365 కంటే ఎక్కువ ఉన్నంతకాలం తిరగాలి. లీపు సంవత్సరమైతే, రోజులు 366 కంటే ఎక్కువ ఉంటేనే 366 తీసేయాలి. రాసినవాళ్లు లీపును మరిచిపోలేదు, గమనించండి! కానీ ఆ రోజు 2008లో 366వ రోజు. 366 అనేది 365 కంటే ఎక్కువే కాబట్టి లూపు లోపలికి రానిచ్చింది. 366 కంటే ఎక్కువ కాదు కాబట్టి తీసివేత జరగలేదు. ఏదీ మారలేదు, బయటికి దారీ లేదు. బ్యాటరీ పూర్తిగా అయిపోనిచ్చి, మర్నాడు గ్రీన్‌విచ్ కాలం ప్రకారం మధ్యాహ్నం దాటాక మళ్లీ ఆన్ చేసుకోమని సంస్థ సలహా ఇచ్చింది. సలహా పనిచేసింది కూడా. తేదీ మారిపోయింది మరి!

365, 366, 367 అని మూడు విలువలు కాగితం మీద నడిపి ఉంటే రెండో దానికే దొరికిపోయేది. మీ ప్రోగ్రామ్‌లోనూ నడిమధ్య విలువలతో కుస్తీ పట్టకండి, అంచుల దగ్గర కాపు కాయండి. పైథాన్‌లో ఏడో ఎక్కం కోసం రేంజ్‌కు 1, 10 ఇచ్చినవాళ్లకు 63 దగ్గరే ఎక్కం ఆగిపోతుంది. చివరి సంఖ్యను రేంజ్ లెక్కలోకి తీసుకోదు, 11 ఇవ్వాలి. ఇఫ్‌లదీ ఇలాంటి కథే. 35 దాటితే పాస్ అన్న షరతు ముందు రాసి, 75 దాటితే డిస్టింక్షన్ అన్నది దాని కింద ఎల్ఇఫ్‌లో పెడితే, 90 తెచ్చుకున్న పిల్ల ఉత్త పాస్‌తో ఇంటికెళ్తుంది. కంప్యూటర్ పైనుంచి చూసుకుంటూ వచ్చి మొదట నిజమైన షరతు దగ్గరే ఆగుతుంది, కింద ఏముందో తొంగి కూడా చూడదు.

రోజూ ఒక్క లూపు చాలు. స్క్రీన్ ముందు కాదు, పెన్నుతో. జవాబు ఎంత వస్తుందో ముందు కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే రన్ నొక్కండి. రెండూ కలవకపోతే సంబరపడండి, ఏ గడిలో దారి తప్పారో అక్కడే దొరుకుతుంది. పది ప్రోగ్రామ్‌లు కాపీ కొట్టడం కంటే ఇది నెమ్మదే. నేనైతే ఈ నెమ్మదికే ఓటేస్తాను.

ఈ రాత్రికి ఒకటి. పైన చెప్పిన అంకెల మొత్తం ప్రోగ్రామ్‌లో షరతును "సంఖ్య సున్నా కానంతవరకు" అని రాసి, పైథాన్‌లో మైనస్ 1 ఇచ్చి చూడండి. భాగఫలానికి రెండు గీతల భాగహారం వాడండి. సీ భాషలో ఒక్క తిప్పుతో ఆగిపోయే ఆ లూపు ఇక్కడ ఎందుకు ఆగనంటుందో రెండు గళ్లలో రాసి పట్టుకోండి. ఆపడానికి కంట్రోల్, సీ కలిపి నొక్కాలి.