కామ్ షాఫ్టు అమరిక – కొన ఆట

పదవ తరగతి వరకు తెలుగులోనో ఉర్దూలోనో చదివి, తరువాత పాలిటెక్నిక్‌లోనో ఐ.టి.ఐ. లోనో చేరిన మన ప్రాంతపు విద్యార్థులు సెలవులలో వచ్చినప్పుడు మమ్ములను అడిగే ప్రశ్నలలో అధికభాగం భాషకు సంబంధించినవే. “సార్, ఎండ్ ప్లే అనగా నేమి? పాఠం కంఠస్థమైనది గాని సంగతి బోధపడలేదు” అని ఒక విద్యార్థి అడిగినాడు. మేము తెలుగు బోధించువారము. యంత్రశాస్త్రం మా వృత్తి కాదు. అయినను మా కుటుంబంలో రెండు తరాలుగా ఇంజన్ల పని ఉన్నందున, ఈ విషయాన్ని తెలుగులో విడమరచి చెప్పుట సాధ్యమేనని భావించి ఈ వ్యాసం రాస్తున్నాము.

ఇది మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలకు పరాయి విషయం కాదు. ఈ మూడును 2016 అక్టోబరులో ప్రత్యేక జిల్లాలైనవి. అంతకు పూర్వం మహబూబ్‌నగర్ జిల్లాలోని భాగాలు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో నది ఒడ్డున, వాగుల వెంట, బావుల మీద చిరకాలం ఆయిల్ ఇంజన్లే నీరు తోడినవి. 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి ఇరువది నాలుగు గంటల ఉచిత విద్యుత్తు లభించిన తరువాత నీరు తోడే పనిలో ఇంజన్ అవసరం తగ్గినది. కాని ట్రాక్టర్లు, వరికోత యంత్రాలు, బోరుబండ్లు, లారీలు ఇంజన్ల మీదనే నడుస్తున్నవి. వాటిని విప్పి బిగించే చేతులలో చాలా భాగం మన పట్టణాల రోడ్ల పక్కనున్న చిన్న చిన్న కార్ఖానాలవే. వేరుశనగ ఊడలు దిగే దశలో మడికి నీరందక పోయిననో, కోతకు వచ్చిన వరి మీద మబ్బు పట్టిన వేళ యంత్రం ఆగిపోయిననో, ఆ రైతు నష్టం మిల్లీమీటరులో పదవ వంతు పొరపాటు వలన కలిగినదై ఉండవచ్చును. ఆ పదవ వంతును గురించియే ఈ వ్యాసం.

మొదట కామ్ షాఫ్టు చేయు పనిని తెలుసుకొందాము. నాలుగు ఘాతాల ఇంజన్‌లో గాలిని పీల్చుట, దానిని అదుముట, ఇంధనం మండి పిస్టన్‌ను తోయుట, పొగను వెడలగొట్టుట అనే నాలుగు పనులు జరుగుతవి. వీటికి క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగవలెను. ఆ రెండు చుట్లలో గాలి వాల్వు ఒకసారి, పొగ వాల్వు ఒకసారి తెరచుకొంటవి. కావున వాల్వులను తెరిపించే కామ్ షాఫ్టు ఒక్క చుట్టే తిరుగవలెను. అందుకే దాని గేరుకు క్రాంకు గేరుకన్న రెట్టింపు పళ్ళు ఉంటవి. నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజన్‌లో కామ్ షాఫ్టు 750 చుట్లు తిరుగుతుంది. ఎనిమిది గంటలు ఎడతెగక నడిస్తే ఒక్కొక్క వాల్వు 3,60,000 సార్లు తెరచుకొని మూసుకొంటుంది. ఒక దినంలో ఇంత శ్రమపడే భాగాన్ని ఎంత జాగ్రత్తగా అమర్చవలెనో ఈ లెక్కయే చెబుతుంది.

గుండ్రని కడ్డీ మీద కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బెత్తుగా ఉన్న భాగమే కామ్. తిరుగుతూ తిరుగుతూ ఆ ఉబ్బు టాపెట్టును పైకి లేపుతుంది. టాపెట్టు పొడుగాటి కడ్డీని, ఆ కడ్డీ రాకర్‌ను, రాకర్ వాల్వును కదిలిస్తవి. చక్రపు తిరుగుడును ఎత్తు దింపుగా మార్చే ఈ యుక్తి ఇంజన్ కన్న ఎంతో పాతది. 1206లో అల్ జజరీ అనే యంత్రనిపుణుడు అరబ్బీలో రచించిన యంత్రగ్రంథంలో కామ్‌లు గల ఇరుసులు ఉన్నవి. వాటితో ఆయన బొమ్మల చేత వాద్యాలు మ్రోగించినాడు. ఏడు వందల ఏండ్లు దాటిన పిమ్మట, 1932లో నిజాం రాష్ట్ర రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించినప్పుడు, ఆ బస్సుల ఇంజన్లలోను వాల్వులను ఆడించినది ఈ యుక్తియే.

ఇక “ఆట” సంగతి. ఆంగ్లంలో ప్లే అన్న మాటకు తెలుగులో ఆట అనుట కేవలం అనువాదం కాదు. తలుపు బందులో ఆడుతున్నదంటాము, ఊపిరి ఆడుటలేదంటాము, గానుగ ఆడిస్తాము. కదలుటకు చోటుండుట అనే అర్థం మన ధాతువులోనే ఉన్నది. ఎద్దుల బండి చూసిన వారికి ఇది వెంటనే తెలుస్తుంది. చక్రం ఊడిపోకుండ ఇరుసు కొనకు సీల కొడతారు. సీలకు, చక్రపు కుండకు నడుమ కొంచెం సందు ఉంచుతారు. సందు లేకపోతే చక్రం బిగుసుకొని ఎద్దు మెడ మీద భారం పడుతుంది. కందెన నిలువదు, కలప కాలిన వాసన వస్తుంది. సందు ఎక్కువైతే చక్రం అటు నిటు కొట్టుకొని సీలను తెంచుకొంటుంది. కామ్ షాఫ్టు తన పొడవు వెంబడి ముందుకు వెనుకకు కదలగల ఆ కొద్దిపాటి దూరమే కొన ఆట. “అక్షీయ అంతరం” అని సంస్కృతంలో చెప్పవచ్చును గాని, పానా పట్టిన చేతికి కొన ఆట అన్న మాటయే దగ్గర.

మన ప్రాంతంలో కార్ఖానా భాష ఎక్కువగా ఉర్దూ నుండి వచ్చినదే: ఉస్తాద్, మిస్త్రీ, పానా, పుర్జా. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంగా ఏర్పడిన నాళ్ళలో, 1917లో నెలకొల్పిన దారుల్ తర్జుమా వారు శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి మార్చినారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగులో ఆ పనికి పూనుకొన్నది. రెండును గొప్ప కృషులే. అయితే పండితులు కల్పించిన పదాలలో కార్ఖానా గడప దాటినవి కొన్నియే. గడప లోపల పుట్టిన పదాలు పుస్తకానికి ఎక్కినవి మరీ తక్కువ. మా అభిప్రాయంలో ఈ రెండవ లోటే పెద్దది. ఇంతటితో ఈ ప్రస్తావన చాలించి పనిలోనికి వద్దాము.

బ్లాకు లోపల కామ్ షాఫ్టు ఉండి, గేర్లతో తిరిగే డీజిల్ ఇంజన్‌ను దృష్టిలో ఉంచుకొని చెబుతున్నాము. అమర్చుటకు ముందు షాఫ్టును, బ్లాకులోని నూనె దారులను శుభ్రపరచవలెను. బుష్‌లు కొత్తగా వేసినట్లయితే బుష్‌కున్న నూనె రంధ్రం బ్లాకులోని రంధ్రానికి సరిగా ఎదురుగా ఉన్నదో లేదో వెలుతురు పెట్టి చూడవలెను. ఇది తప్పినచో మిగిలిన పని ఎంత చక్కగా చేసినను వ్యర్థమే. ఆ బుష్‌కు నూనె చుక్క చేరదు. కామ్ ఉబ్బుల మీద గుంటలు గాని గీతలు గాని ఉంటే ఆ షాఫ్టును వాడరాదు. కొత్త షాఫ్టుకు కొత్త టాపెట్లే వేయవలెను, ఏలనగా ఒకదానితో అరిగిన ముఖం మరొకదానితో పొసగదు. పాత షాఫ్టునే తిరిగి వేస్తున్నచో ఏ టాపెట్టు ఏ రంధ్రంలోనిదో గుర్తుంచుకొని అందులోనే పెట్టవలెను. పుట్టగొడుగు ఆకారపు టాపెట్లు ఉన్న ఇంజన్లలో అవి కింది నుండియే ఎక్కుతవి. కావున బ్లాకును తలకిందులు చేసి, టాపెట్లు వేసిన తరువాతనే షాఫ్టును దూర్చవలెను. ఈ వరుస మరచి షాఫ్టు వేసినవారు మరల విప్పవలసి వస్తుంది.

షాఫ్టు ముందుకో వెనుకకో జారిపోకుండ ఆపేది థ్రస్టు ప్లేటు, అనగా ఒత్తిడి పలక. ఇది గేరుకు, మొదటి జర్నల్‌కు నడుమ ఉండి బోల్టులతో బ్లాకుకు బిగించబడుతుంది. గేరు షాఫ్టు మీద గట్టిగా దిగేదైనచో పలకను ముందే షాఫ్టుకు తొడిగి, తాళపు ముక్క పెట్టి, ఆ తరువాత గేరును వేడిచేసి ఎక్కించవలెను. గేరు ఎక్కిన తరువాత పలక గుర్తుకు వచ్చుట కార్ఖానాలలో అరుదైన విషయం కాదు.

కొన ఆట ఎక్కడి నుండి వస్తుందో ఇచ్చట గ్రహింపవలెను. జర్నల్ ముఖానికి, గేరు ముఖానికి నడుమనున్న ఖాళీ 6.15 మి.మీ. అనుకొందాము. పలక మందం 6.00 మి.మీ. అప్పుడు ఆట 0.15 మి.మీ. కొంతకాలానికి పలక ఇరువైపుల అరిగి 5.80 మి.మీ. అయినచో ఆట 0.35 మి.మీ. అవుతుంది. ఎంత ఉండవలెను అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఆయా ఇంజన్ తయారు చేసినవారి పుస్తకంలోని అంకెయే ప్రమాణం. అనేక ఇంజన్లలో అది మిల్లీమీటరులో పదవ వంతు ప్రాంతంలో ఉంటుంది. కొన్నింటిలో ఇంకను ఎక్కువ అనుమతిస్తారు. ఒక ఇంజన్ అంకెను మరొక ఇంజన్‌కు వాడుట తగదు.

షాఫ్టును దూర్చుట చూచుటకు సులువు. జర్నల్‌లకు నూనె, ఉబ్బులకు చిక్కని కందెన పూసి, రెండు చేతులతో సమంగా పట్టి, కొద్దికొద్దిగా తిప్పుతూ లోపలికి పంపవలెను. ఉబ్బుల అంచులు గట్టివి, బుష్‌ల లోహం మెత్తనిది. తొందరపడి తోసినచో గీతలు పడతవి. పొడవైన షాఫ్టులకు బ్లాకును ముందు భాగం పైకి వచ్చునట్లు నిలబెట్టి దింపుట మేలైన పద్ధతి. షాఫ్టు చివరి బుష్‌కు చేరినప్పుడు కొంచెం అడ్డు తగులుతుంది. అప్పుడు సుత్తి జోలికి పోరాదు; షాఫ్టును కొంచెం ఎత్తి దించి దారి వెదకవలెను. గేరు పళ్ళు కలిసే వేళ క్రాంకు గేరు మీది చుక్క కామ్ గేరు మీది చుక్కకు ఎదురుగా రావలెను. ఒక్క పన్ను తప్పినను వాల్వులు వేళ తప్పి తెరచుకొంటవి. కొన్ని ఇంజన్లలో పిస్టన్ వాల్వును తాకి వంచుతుంది. పిదప గేరులోని రంధ్రాల గుండా పలక బోల్టులను పుస్తకం చెప్పిన బిగువుకు బిగించవలెను.

ఇప్పుడు కొలత. ఇంజన్ చల్లగా ఉండవలెను. రాకర్లు, కడ్డీలు ఇంకను వేయకుండ ఉండవలెను, ఏలనగా వాల్వు స్ప్రింగుల బరువు పడితే షాఫ్టు స్వేచ్ఛగా కదలదు. డయల్ గేజిని అయస్కాంతపు పీటతో బ్లాకుకు నిలిపి, దాని మొనను గేరు ముఖానికి లేదా షాఫ్టు కొనకు, షాఫ్టు పొడవుకు సమాంతరంగా ఆనించవలెను. మొన ఏటవాలుగా ఉన్నచో వచ్చే అంకె నిజం కాదు. షాఫ్టును పూర్తిగా వెనుకకు నెట్టి ముల్లును సున్నకు తెచ్చి, మరల ముందుకు లాగి చదువవలెను. ఇట్లు షాఫ్టును తిప్పి మూడు నాలుగు చోట్ల చూడవలెను. అంకెలు మారుతున్నచో గేరు వంకరగా ఎక్కినదనియో, పలక కింద మురికి ఉన్నదనియో అనుమానింపవలెను. డయల్ గేజి లేనిచోట పలకకు, గేరుకు నడుమ ఫీలర్ గేజి ఆకులను దూర్చి చూడవచ్చును. చేతితో ఆడించి “సరిపోయింది” అనుట కొలత కాదు. అనుభవజ్ఞుని చేయి ఆట ఉన్నదని చెప్పగలదు గాని, 0.15 కు 0.35 కు భేదం చెప్పుట దానికి కష్టం.

ఆట మితిమీరినచో ఏమగును? చాలా ఇంజన్లలో గేరు పళ్ళు ఏటవాలుగా ఉంటవి. ఏటవాలు పన్ను, మర వలె, తిప్పుటతో పాటు పక్కకు కూడ తోస్తుంది. షాఫ్టు ముందుకు వెనుకకు జరిగినప్పుడెల్ల పళ్ళ ఏటవాలు వలన గేరు కొద్దిగా తిరిగినట్లే అగును. వాల్వుల వేళ, ఇంధన పంపు కూడ ఆ గేరు మీదనే ఆధారపడినచో దాని వేళ, నిలకడ లేక ఊగుతవి. మూత వైపు నుండి టకటక శబ్దం వస్తుంది. ఉబ్బు టాపెట్టు కింద ఉండవలసిన చోట ఉండక రెండును త్వరగా అరుగుతవి. ఆట మరీ తక్కువైతే మరొక విపత్తు. పలకకు గేరుకు నడుమ నూనె పొర నిలువదు. వేడికి లోహం పెరిగి ముఖాలు ఒరుసుకొంటవి. ఆ రజను నూనెలో కలిసి ఇంజన్ అంతటికి చేరుతుంది.

సవరణ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. ఆట ఎక్కువైనప్పుడు కిరసనాయిలు డబ్బా రేకును గుండ్రంగా కత్తిరించి పలక వెనుక పెట్టే అలవాటు కొందరికున్నది. కొన్ని ఇంజన్లలో తయారీదారులే లెక్కకు తగిన మందం గల పలుచని బిళ్ళలు ఇస్తారు, అవి వేరు. మెత్తని రేకు నలిగి, చినిగి, నూనె దారిలో పడుతుంది. నెల తిరుగక ముందే ఇంజన్ మరల విప్పవలసి వచ్చినచో కూలి రెండుసార్లు, పుర్జాలు రెండుసార్లు, పోయిన దినాల సంగతి సరేసరి. కొత్త పలక వెల ఆ ఖర్చు ముందర స్వల్పం. పలక మార్చినను ఆట తగ్గకపోతే జర్నల్ ముఖం లేదా గేరు ముఖం అరిగినదని తెలియవలెను. బిగువు ఎక్కువైనచో గేరును ఆకురాయితో రుద్దక ముందు పలకను విప్పి, నూనె గాడి ఉన్న ముఖం సరియైన వైపునకు ఉన్నదో లేదో, అంచున ముల్లు లేచినదేమో చూడవలెను. చాలాసార్లు కారణం అచ్చటనే దొరుకుతుంది.

గేరు పళ్ళ నడుమ సందు వేరు, కొన ఆట వేరు. పరీక్షలలో విద్యార్థులు తరచుగా ఈ రెంటిని కలిపి రాస్తారు. మొదటిది గేరును చుట్టూ ఆడించినప్పుడు తెలిసేది, రెండవది షాఫ్టును పొడవు వెంబడి కదిపినప్పుడు తెలిసేది.

మూత బిగించుటకు ముందు క్రాంకును చేతితో రెండు పూర్తి చుట్లు తిప్పి చూడవలెను. ఎక్కడను అడ్డు తగులరాదు. రెండు గేర్లు నేరుగా కలిసిన ఇంజన్లలో రెండు చుట్ల తరువాత చుక్కలు మరల ఎదురెదురుగా వస్తవి. నడుమ మరొక గేరు ఉన్న ఇంజన్లలో దాని పళ్ళ సంఖ్యను బట్టి చుక్కలన్నియు ఒక్కసారి కలియుటకు అనేక చుట్లు పట్టవచ్చును. అంతమాత్రాన అమరిక తప్పినదని భయపడి విప్పనక్కరలేదు. అట్టి ఇంజన్లలో మొదట కలిపినప్పుడే చుక్కలను మరొకరి చేత కూడ చూపించుకొని, కొలిచిన కొన ఆట అంకెను తేదీతో సహా ఇంజన్ చీటీలో రాసి ఉంచవలెను. మరల విప్పిన నాడు పలక ఎంత అరిగినదో ఆ అంకెతో పోల్చి తెలుసుకొనవచ్చును.