కొండలు చేసిన కొలువు

యారాడ, విశాఖపట్నం.

చిరంజీవి మనవడికి తాతయ్య దీవెనలు.

సంక్రాంతికి సోఫియా నగరం నుంచి నీ స్నేహితులిద్దర్నీ వెంటబెట్టుకొస్తున్నావని మీ నాన్న చెప్పాడు. వాళ్లకి ఊరు చూపించడానికి తను వేసిన జాబితా కూడా పంపాడు. పొద్దున్న కైలాసగిరి, మధ్యాహ్నం రుషికొండ, సాయంత్రం జలాంతర్గామి, చీకటిపడ్డాక బీచ్ రోడ్డు. మర్నాడు తెల్లారకుండానే అరకు! కారు దిగి ఫొటో తీసుకుని మళ్లీ కారెక్కడమే తప్ప ఇందులో చూడ్డమెక్కడుంది? ఆ జాబితాలో సగం కొట్టెయ్యి. మిగతా సగం ఎలా చూపించాలో ఈ ఉత్తరంలో ఉంది.

వచ్చేవాళ్లు బాల్కన్ కొండల మధ్య పుట్టి పెరిగినవాళ్లు. వాళ్ల ముసాలా శిఖరం ఎత్తు 2,925 మీటర్లు. దాని ముందు మన కొండల ఎత్తు గురించి గొప్పలు పోతే లోపల నవ్వుకుంటారు. కానీ వాళ్లకి ఇంకో సంగతి తెలుసు. బెలోగ్రాద్‌చిక్‌లో నిలువెత్తు ఎర్రరాళ్లనే గోడలుగా చేసుకుని రోమన్లు కోట కట్టారు, తర్వాత ఒట్టోమన్లు దాన్నే పెంచుకున్నారు. షిప్కా కనుమ ఎవరి చేతిలో ఉంటుందన్న దానిమీద 1877-78లో రష్యా-తుర్కీ యుద్ధం గతి ఆధారపడింది. రీలా మఠం పదో శతాబ్దం నుంచీ కొండల మాటున నిలబడింది, 1833లో అగ్గిపాలైనా మళ్లీ కట్టుకున్నారు. అక్కడి కొండలు కోటకీ, సైన్యానికీ, సన్యాసులకీ కొలువు చేశాయి. మన కొండలూ చేశాయి, కొన్ని ఇవాళ్టికీ చేస్తున్నాయి. కాబట్టి ఏ కొండ ఎక్కినా దీని ఎత్తెంత అని కాకుండా, ఇక్కడికి ముందు ఎక్కినవాడు ఏం పనిమీద ఎక్కాడో చెప్పు.

మొదలు యారాడ నుంచే పెట్టు. సింధియా వైపు నుంచి ఘాట్ రోడ్డు ఎక్కి, పైన మలుపులో కాసేపు ఆగండి. ఒక పక్క కొబ్బరితోటలు, ఊరు, తీరం. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు బంగాళాఖాతం. రెండో పక్కకి తిరిగితే ఓడల కర్మాగారం క్రేన్లు, 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలైన చమురుశుద్ధి కర్మాగారం, పోర్టు చానెల్. ఒకే గట్టు మీద నిలబడి ఈ రెండు లోకాల్నీ చూడొచ్చు. ఊరికొచ్చిన యాత్రికుల్లో నూటికి తొంభైమంది కారు అద్దంలోంచే దీన్ని దాటేసి నేరుగా ఇసుకలోకి పరుగెడతారు. మీరు ఆ పని చెయ్యకండి.

ఇసుకలోకి దిగాక ఒక జాగ్రత్త. యారాడ అల చూపుకి ఒకలా ఉంటుంది, కాలికి ఒకలా తగులుతుంది. మోకాలి లోతులో నిలబడి చూడండి. అల వెనక్కి పోతున్నప్పుడు మడమల కింద ఇసుక జారిపోయి కాళ్లు గుంటలోకి దిగబడతాయి. ఆ లోపు ఇంకో అల మీదికొస్తుంది. ఈత వచ్చినవాళ్లు కూడా ఇక్కడ పోయారు. నల్లసముద్రంలో ఈదినవాళ్లం అని నీ స్నేహితులు అన్నా సరే, ఒడ్డు దాటనివ్వకు. ఈ విషయంలో మొహమాటం వద్దు.

ఇక డాల్ఫిన్ నోస్. దీన్ని బీచ్ రోడ్డు మీంచి చూసి, అదిగో ముక్కు అని వేలు చూపించి వదిలేస్తారు. అసలు విశాఖ పోర్టు ఇక్కడ ఎందుకు పుట్టిందో చెప్పేది ఈ కొండే. సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఈ బండ చానెల్ మూతికి దక్షిణాన కాపు కాస్తుంది, గాలినీ అలల్నీ అడ్డుకుంటుంది. పోర్టు కట్టేటప్పుడు ఆ అడ్డు చాల్లేదని రెండు పాత ఓడల్ని తెచ్చి చానెల్ ముందు ముంచి, కరకట్టగా మార్చారు. ఓడలు రావడానికి ఓడల్నే ముంచారన్నమాట! 1933 అక్టోబరులో సింధియా కంపెనీ వారి జలదుర్గ అనే ఓడ లోపలికొచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు.

అంతకు చాలా ముందే ఈ కొండ కింద యుద్ధం జరిగింది. 1804 సెప్టెంబరు 15న లినోయిస్ అనే ఫ్రెంచి అడ్మిరల్ మరెంగో అనే పెద్ద యుద్ధనౌకనీ, రెండు ఫ్రిగేట్లనీ వెంటేసుకుని విశాఖ రేవు మీదికొచ్చాడు. రేవులో బ్రిటిష్ వారి సెంచూరియన్ అనే యుద్ధనౌక లంగరేసి ఉంది. దాని కెప్టెన్ ఆ సమయానికి ఒడ్డు మీదున్నాడు. ఒడ్డున ఉన్న ఫిరంగులు కూడా తోడు పలికాయి. సెంచూరియన్ ఛిద్రమైంది గానీ లొంగలేదు. దాని కాపలాలో ఉన్న వర్తక నౌకల్లో ఒకటి ఒడ్డుకి కొట్టుకుని పగిలిపోయింది, ఇంకోదాన్ని ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయారు. నెపోలియన్ కాలపు యుద్ధాల గురించి నీ స్నేహితులు బడిలో చదివే ఉంటారు. ఆ యుద్ధాల తునక ఒకటి ఈ రేవులో రాలిందని మాత్రం వాళ్లకి తెలిసి ఉండదు. మనవాళ్లకీ తెలీదులే.

కొండ మీద 1957 నాటి లైట్‌హౌస్ ఉంది. సందర్శకుల్ని సాయంత్రం పూట కొద్ది గంటలే రానిస్తారు కనుక ముందు కనుక్కుని బయల్దేరండి. చుట్టుపక్కలంతా నేవీ వారి జాగా. డ్రోన్ లాంటివి ఇంట్లోనే వదిలెయ్యమని చెప్పు, పాస్‌పోర్టులు జేబులో ఉంచుకోమను. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ నీళ్లలోనే. అది చెప్పాక మర్నాడు బీచ్ రోడ్డు మీద కురుసుర చూపించు. 1969లో నేవీలో చేరి 2001లో విరమించుకున్న ఆ జలాంతర్గామి 2002 నుంచి మ్యూజియంగా ఉంది. కథ ముందు విని, తర్వాత ఆ ఇరుకు గదుల్లో వంగి నడిస్తే ఒంటికి తెలుస్తుంది.

చానెల్‌కి ఉత్తరం ఒడ్డున వన్ టౌన్ వైపు మూడు చిన్న గుట్టలున్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇసాక్ మదీనా బాబా దర్గా, ఇంకోదాని మీద మేరీమాత చర్చి. ఈ మూడోదాన్ని రాస్ హిల్ అంటారు. 1864లో రాస్ అనే దొర కట్టుకున్న ఇల్లే తర్వాత ప్రార్థనామందిరమైంది. మూడు మతాలూ పక్కపక్కనే ఉన్నాయని పర్యాటక పుస్తకాలు మురిసిపోతాయి. తాతయ్యకి అంతకంటే ముచ్చటగా తోచేది వేరే ఉంది. రేవులోంచి బయటికెళ్లే ఓడకి ఈ మూడూ కనబడతాయి. సముద్రం మీదికి పోయేవాడికి ఒడ్డున మొక్కుకోవడానికి ఒక దిక్కుండాలి కదా. ఒక పూటంతా ఇక్కడే నడిచి, దగ్గర్లోని కురుపాం మార్కెట్ సందుల్లో తిరగండి. కార్లు ఆ సందుల్లో ఇరుక్కుంటాయి, ఆటో మేలు.

భీమిలి దారిలో తొట్లకొండ ఎక్కకపోతే విశాఖ వచ్చినట్టే కాదు. నౌకాస్థావరం కోసం నేవీ వాళ్లు విమానంలోంచి సర్వే చేస్తుంటే ఈ శిథిలాల జాడ తెలిసింది. 1988 నుంచి రాష్ట్ర పురావస్తుశాఖ తవ్వితే మహాస్తూపం, చైత్యాలు, విహారాలు, వంటశాల, భోజనశాల బయటపడ్డాయి. శాతవాహనుల సీసపు నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. రెండువేల ఏళ్లనాటి బౌద్ధ భిక్షువులకీ రోమ్ డబ్బుకీ ఏం సంబంధం అని నీ స్నేహితుల్ని అడుగు, పైనుంచి సముద్రం చూశాక వాళ్లే జవాబు చెబుతారు. వర్తకులు దానాలిచ్చారు, భిక్షువులు వాళ్లకి నీడనిచ్చారు. రాతిలో తొలిచిన నీటితొట్ల దగ్గర కూర్చోండి. బండ మీద పడిన వాన చుక్కని పోనివ్వకుండా పట్టి, వేసవి దాకా దాచుకున్నారు. వేలితో తడిమితే ఉలి గాట్లు తెలుస్తాయి. మహాస్తూపం 2019 అక్టోబరు వానలకి కొంత కూలింది, మళ్లీ కట్టారు. ఇప్పుడు కనిపించే ఇటుకలన్నీ అశోకుడి కాలంనాటివని మాత్రం చెప్పకు.

బావికొండ దగ్గర్లోనే ఉంది. ఓపికుంటే వెళ్లండి, లేకపోతే ఎర్రమట్టి దిబ్బల్లో గంటసేపు నడవండి. సముద్రం వెనక్కి జరిగిన కాలంలో గాలి పోగేసిన ఇసుక అది. వేల ఏళ్లలో ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. అంచుల మీద నిలబడి సెల్ఫీలు తీసుకుంటే గట్లు విరిగిపడతాయి, అడుగు వాగులోంచే నడవండి.

కనుమ రోజున అనకాపల్లి దగ్గర శంకరం వెళ్లొచ్చు. అక్కడ బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నాయి. 1907లో అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు సముద్రగుప్తుడి బంగారు నాణెం దొరికిన చోటది. లింగాలకొండ మీద రాతిని చెక్కిన స్తూపాలు వరసలు వరసలుగా ఉంటాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కనుమనాడు ఇక్కడికి తీర్థానికొచ్చినట్టు వస్తారు. ఒకప్పుడు అక్కడి బొజ్జ విగ్రహాన్ని రాక్షసుడనుకుని రాళ్లు రువ్వేవాళ్లు. చెప్పగా చెప్పగా ఆ వేడుక మానిపించారు. ఈ సంగతి దాచిపెట్టి మా ఊళ్లో అంతా బుద్ధుడి భక్తులే అని కబుర్లు చెప్పకు. కొండని ఎవరు చెక్కారో ఊరు మరిచిపోయినా ఎక్కడం మానలేదు. విదేశీయులకి చెప్పదగ్గ కథ అదే.

అరకు రైల్లోనే వెళ్లండి. రోడ్డున పోతే తొందరగానే చేరతారు గానీ, ఈ కొండల అసలు పని అర్థం కాదు. కొత్తవలస-కిరండూల్ లైను 1960లలో జపాన్‌కి ఇనుప ఖనిజం పంపడానికి వేసింది. యాభైకి పైగా సొరంగాలు తొలిచి, శిమిలిగూడ దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకి ఎక్కించారు. బైలదిల్లా కొండ ఖనిజం ఈ కొండలు దాటొచ్చి, పెద్ద ఓడల కోసం 1976లో తెరిచిన అవుటర్ హార్బర్‌లో డాల్ఫిన్ నోస్ పక్కన ఓడెక్కుతుంది. ఉక్కు ఫ్యాక్టరీకి కావలసిన ఖనిజం కూడా అక్కడిదే. ఆ ఫ్యాక్టరీ కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చారని, శంకరం వెళ్తూ గాజువాక దాటేటప్పుడు చెప్పు. రైలు కిటికీలోంచి ఎదురుగా ఎర్రటి వ్యాగన్లు కనిపించినప్పుడు బొర్రా గుహల మాట పక్కనబెట్టి ముందు వాటిని చూపించు. బొర్రా ఎలాగూ దిగి చూస్తారు.

అద్దాల బోగీ టిక్కెట్లు పండగ రోజుల్లో దొరకవు. రిజర్వేషన్ తెరిచిన రోజే చేయించమని మీ నాన్నకి చెప్పు. వాళ్లు శాకాహారులో కాదో కూడా రాయి. బొంగు చికెన్ అరకులోనే తినిపించాలి, ఇంటికి పార్సిల్ తెస్తే దానికి రుచి ఉండదని మీ అమ్మమ్మ మాట.

ఆశీస్సులతో,
తాతయ్య