ఇంద్రలాల్ రాయ్ – పందొమ్మిదేండ్ల వైమానికుడు



మన పై తరగతుల బాలురకంటె రెండు మూడేండ్లు మాత్రమే పెద్దవాడైన యొక యువకుని చరిత్రమును ఈ సంచికయందు మీకు పాఠముగా చెప్పదలచితిని. ఆతడు ప్రథమ ప్రపంచ యుద్ధమున స్వదేశమునకు బహుదూరమున, ఫ్రాన్సు దేశముపై ఆకాశమున పోరాడి మరణించెను. ఈ చరిత్రమును చదువునపుడు రెండు ప్రశ్నలను మనస్సున నుంచుకొనుడు. ధైర్యమనగా నేమి? యుద్ధమున శత్రువులను కూల్చి, తానును కూలిన వానిని, శత్రువులను ప్రేమింపవలెనని నేర్చుకొనుచున్న మనము ఏ విధముగా గౌరవింపవలెను?

వంశము, బాల్యము

ఇంద్రలాల్ రాయ్ 1898 డిసెంబరు 2వ తేదిని కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి పియారీలాల్ రాయ్ న్యాయవాది. తల్లి లలిత. ఆమె తండ్రి డాక్టరు సూర్యకుమార్ గుడీవ్ చక్రవర్తి 1845లో ఇంగ్లండునకు పోయి వైద్యవిద్య నభ్యసించి, క్రైస్తవ మతము నవలంబించి, పాశ్చాత్య వైద్యమున ప్రసిద్ధికెక్కిన తొలి భారతీయులలో నొకడయ్యెను. ఇట్టి విద్యావంతుల కుటుంబమున పుట్టిన ఇంద్రలాల్ లండనునందలి సెయింట్ పాల్స్ పాఠశాలలో చదువుకొనెను. 1914లో యుద్ధము ప్రారంభమైనపుడు ఆతడు పదునేనేండ్ల విద్యార్థి. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదువుటకు విద్యార్థివేతనము గూడ ఆతనికి లభించెను. కాని ఆతని మనస్సు విమానములయందే లగ్నమై యుండెను.

మొదటి తిరస్కారము

ఆ దినములలో విమానదళమునకు రాయల్ ఫ్లయింగ్ కోర్ అని పేరు. ఇంద్రలాల్ అందు చేరగోరగా, వైద్యులు కన్నులను పరీక్షించి, దృష్టి చాలదని త్రోసివేసిరి. అంతట నాతడు తన మోటారు సైకిలు నమ్మివేసి, ఆ ధనముతో ప్రసిద్ధుడైన యొక నేత్రవైద్యునిచే మరల పరీక్ష చేయించుకొనెననియు, అందు నెగ్గెననియు చెప్పుదురు. 1917 ఏప్రిలులో దళమున చేరి, జూలై 5వ తేదిని అధికారిపదవి నొందెను. ఆ కాలమున సైన్యమునందు భారతీయుల కట్టి పదవి దొరకుట మిక్కిలి అరుదు. ఆ యుద్ధమున ఆ దళమునందు విమానములు నడపిన భారతీయులు ఇంద్రలాల్, హర్దిత్ సింగ్ మాలిక్, వెలింకర్, సేన్ మొదలగు కొలదిమంది మాత్రమే.

రెండవ తిరస్కారము

1917 అక్టోబరు నెలాఖరున ఆతడు ఫ్రాన్సునందలి 56వ స్క్వాడ్రనునకు పంపబడెను. ఆరు వారములైన గడువకముందే, డిసెంబరు 6వ తేదిని, ఆతని విమానము నేలగూలెను. దెబ్బలచే స్మృతి తప్పిన యాతనిని చనిపోయినవాడని తలచి శవముల గదిలో నుంచిరనియు, తెలివి రాగా నాతడు లేచి తలుపు తట్టెననియు నొక వృత్తాంతము కలదు. ఎట్లైనను, ఆతడు ఇంగ్లండు ఆసుపత్రికి చేర్చబడెను. ఇక విమానము నడుపుటకు తగడని వైద్యులు నిర్ణయించిరి.

ఇంటికి మరలిపోవుటకు ఇంతకంటె గౌరవమైన కారణ మేముండును? అట్లు పోయియున్న యెడల ఎవ్వరును నిందింపకపోయెడివారు. కాని యాతడు మంచముపై నుండి విమానముల బొమ్మలను వ్రాసికొనుచు, వాని నిర్మాణమును ధ్యానించుచు, తన్ను మరల పంపవలసినదని అధికారులను వేడుచు కాలము గడపెను. తుదకు వారు సమ్మతించిరి. 1918 జూనులో నాతడు 40వ స్క్వాడ్రనున చేరెను. అప్పటికి రాయల్ ఫ్లయింగ్ కోర్, నౌకాదళపు విమానశాఖతో కలసి, రాయల్ ఎయిర్ ఫోర్సుగా మారియుండెను.

పదునాలుగు దినములు

ఆతడు నడపినది ఎస్.ఇ. 5ఏ అను ఒంటరి వైమానికుని విమానము. కొయ్యచట్రమునకు గుడ్డ తొడిగి చేసిన యా యంత్రమునకు రెండు మరతుపాకులుండెడివి. బ్రిటిషు విమానభటులకు అప్పటికి పారాషూటు లొసగబడలేదు. విమానమునకు నిప్పంటిన యెడల దిగుటకు దారిలేదు.

జూలై 6వ తేదిని ఆతడు మొదటి శత్రువిమానమును కూల్చెను. 8వ తేదిని నాలుగు గంటలలోపల మూడింటి నోడించెను. 19వ తేది నాటికి లెక్క పదియయ్యెను. అందు రెండు తోడివారితో కలసి సాధించినవి. ఐదు విజయములు పొందిన వైమానికుని ఆంగ్లమున ‘ఏస్’ అందురు. ఆ పేరు నార్జించిన మొదటి భారతీయు డితడే.

మరి మూడు దినములకు, జూలై 22వ తేదిని, కార్వాన్ అను పట్టణముపై జర్మనుల ఫోకర్ విమానములతో పోరుచుండగా నాతని విమానము మండి కూలెను. అప్పటికి వయస్సు పందొమ్మిదేండ్ల ఏడు నెలల ఇరువది దినములు. ఆతనికి నాయకుడై యుద్ధము నేర్పిన కెప్టెన్ మెకెల్రాయ్ గూడ తొమ్మిది దినములకే హతుడయ్యెను. ఆ సెప్టెంబరులో ఇంద్రలాలునకు మరణానంతరము డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అను పతక మొసగబడెను. దానిని పొందిన మొదటి భారతీయుడును ఇతడే. ఉత్తర ఫ్రాన్సునందలి ఎస్తెవెల్ గ్రామపు శ్మశానవాటికలో నాతని సమాధి కలదు. ఆ పరదేశపు రాతిపై వంగభాషలో చెక్కిన వాక్యమును నేడును చూడవచ్చును.

భారత వైమానిక దళము 1932లో నేర్పడెను. ఆతనికి మేనల్లుని వరుసయైన సుబ్రతో ముఖర్జీ 1954లో దాని కధిపతియైన మొదటి భారతీయు డయ్యెను. 1998లో ఇంద్రలాల్ శతజయంతికి మన తపాలాశాఖ ఆతని పేర బిళ్ళను వెలువరించెను.

మనము నేర్వదగినది

ఇప్పుడు మన ప్రశ్నలకు వత్తము. పలువురు ఆ పదునాలుగు దినములను చూచి ఆతనిని ధైర్యశాలి యందురు. నాకు మాత్రము అంతకు ముందటి ఆరునెలలే గొప్పవిగా కనబడుచున్నవి. ఆకాశమున పోరాడునపుడు భయపడుటకైనను తీరిక యుండదు. ఆసుపత్రి మంచముపై తీరిక కలదు, నొప్పి కలదు, తప్పించుకొను దారియు కలదు. అక్కడ చలింపకుండుటయే ధైర్యము. పరీక్షలో తప్పినవాడును, రోగమువలన ఒక సంవత్సరము పోగొట్టుకొన్నవాడును ఈ ధైర్యమును అభ్యసింపవచ్చును. దీనికి తుపాకి యక్కరలేదు.

రెండవ ప్రశ్న కఠినమైనది. పది విజయములని మనము సులభముగా లెక్కింతుము. ఆ పది విమానములలోను మనుష్యులే యుండిరి. వారిలోను ఇంద్రలాల్ వయస్సువారుండవచ్చును. కలకత్తాలో పుట్టిన బిడ్డకై లలితమ్మ కార్చిన కన్నీటికిని, జర్మను తల్లులు కార్చిన కన్నీటికిని భేదము లేదు. ఆ యుద్ధమున మరణించిన భారత సైనికులే దాదాపు 74,000 మంది. వారిలో అధికులకు పతకములును లేవు, తపాలాబిళ్ళలును లేవు.

కావున ఆతని గౌరవించుటయు యుద్ధమును పొగడుటయు ఒకటి కావు. తాను కర్తవ్యమని నమ్మినదానికై సుఖమును, చదువును, ప్రాణమును విడిచిన మనస్సును గౌరవింతము. అట్టి మనస్సుగల బాలుర నింతమందిని మ్రింగిన యుద్ధమును చూచి దుఃఖింతము. రెండును ఒకే హృదయమున నుండదగును. తలిదండ్రులారా, మీ పిల్లలకు ఈ చరిత్రమును చెప్పునపుడు మొదటి భాగముతోనే ఆపక, రెండవదానిని గూడ చెప్పుడు.

విద్యార్థులారా, ఇంద్రలాలునకు దొరకని దొకటి మీకు దొరకినది. అది కాలము. ఆతడు రెండు వారములలో వెచ్చించిన పట్టుదలను మీరు నలువదేండ్లు వైద్యశాలలలోను, పొలములలోను, పాఠశాలలలోను వెచ్చింపగలరు. ప్రాణము నిచ్చుట కెంత ధైర్యము కావలెనో, దినదినము దానిని పరులకై వాడుటకును అంత ధైర్యము కావలెను.